ఎవరూ జరపని బిందె

పొద్దున ట్యాంకర్ దగ్గర వరుసలో బిందె పెట్టి, పొయ్యి మీది పాలు దించడానికి ఇంటికి వెళ్లాను. మనిషి లేకపోయినా బిందెను పక్కవాళ్లు ముందుకు జరపడం మా వీధి అలవాటు. తిరిగొచ్చేసరికి ట్యాంకర్ ఖాళీ. నా బిందె పెట్టినచోటే ఉంది.

"ఏం సుజాతా, జరపలేదే?" అన్నాను పక్కింటామెతో.

"రాత్రిపూట కొళాయికి మోటరు పెట్టి లాగుతాండావంట కదక్కా, నీకు ఈ నీళ్లెందుకు?" అనింది.

మా ఇంట్లో మోటరే లేదు.

ఇట్లా లేనిది అంటగట్టడాన్ని ఇంగ్లీషులో స్లాండర్ అంటారని, పాత గ్రీకులో దాని మూలానికి జంతువులకు పెట్టే ఉచ్చు అని అర్థమని మా అమ్మాయి ఫోన్లో చూసి చెప్పింది. నాకు ఆ ఉచ్చు పెట్టిందెవరో మాత్రం ఫోన్లో లేదు. సాయంత్రం నుంచి తలుపులన్నీ తీసిపెట్టి, మోటరుందేమో వచ్చి వెతుక్కోండని వీధివాళ్లను పిలుస్తున్నాను. ఒక్కరూ గడప తొక్కలేదు. రేపు బిందె పెట్టాలంటే భయంగా ఉంది. మీరైతే ఏం చేస్తారు?