బొట్టు పెట్టి పిలిచిన సినిమా

మా అమ్మ సినిమాకు కూడా బొట్టు పెట్టి పిలుస్తుందని నేను అనుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం హనుమకొండలో, మా బాబాయి చూసుకునే చిన్న ఫంక్షన్ హాల్లో నా దోస్తు తీసిన సినిమా వేస్తున్నాం, తెలిసిన నలుగురికి చెప్పమ్మా అన్నాను, అంతే. వరంగల్‌లో మా స్టీలు సామాన్ల దుకాణం ఉన్న బజారంతా కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. "మా బిడ్డ దోస్తు సినిమా తీసింది, తప్పకుండ రావాలె" అని ప్రతి గడపలో చెప్పి వచ్చింది. వచ్చిన ఆడవాళ్లలో సగం మంది పట్టుచీరలు కట్టుకొచ్చారు. ఒకావిడ లోపలికి వస్తూనే పిల్లేది, పిలగాడేడి అని అడిగింది కూడా.

ఆ దోస్తు ఒక మరాఠీ అమ్మాయి. చదువు కోసం నేను యూరప్‌లో ఒక చలి ఊళ్లో ఉన్నప్పుడు ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. నేను తిరిగొచ్చేశాను, తను అక్కడే ఉండిపోయి గంటకు పైగా నడిచే సినిమా ఒకటి తీసింది. కథ చెప్పమంటే నా వల్ల కాదు. ఒక అమ్మాయి రోజూ సాయంత్రం ట్రాము ఎక్కి ఆఖరి స్టాపు దాకా పోయి, దిగకుండా వెనక్కి వస్తుంది. ఎదురు సీట్లో ఒక కుర్రాడు కూర్చుంటాడు. ఇద్దరూ మాట్లాడుకోరు. సగం సినిమా అయ్యాక తెర మొత్తం నల్లగా అయిపోయి కాసేపు ఒక గొంతు మాత్రం తెలుగులో వినిపిస్తుంది. ఆ గొంతు నాది.

అక్కడున్నప్పుడు నాతో నేనే మాట్లాడుకుని ఫోన్‌లో రికార్డు చేసే అలవాటు ఉండేది. ఎవరికీ పంపలేదు. దోస్తుకు తెలుగు రాదు, ఆ పలుకు నచ్చి అడిగింది, అర్థం చెప్పి మరీ ఇచ్చాను. ఎవరూ గుర్తుపట్టకుండా గొంతును కాస్త బొంగురు చేసింది. అందులో నేనన్న మాట ఇదీ: "ఈ గల్లీల నువ్వెవ్వరి బిడ్డవని నన్ను ఎవ్వలూ అడుగరు. నాకు మంచిగున్నది. నాకు ఇంటికి రాబుద్ధైతలేదమ్మా."

ఇలాంటిదాన్ని అమ్మ ముందు ఎందుకు వేసినట్టు? మా ఊళ్లో వేయమని దోస్తు అడిగింది కాబట్టి అని చెప్పుకున్నాను. నిజానికి అమ్మకు తెలియాలని ఉంది, తెలిస్తే ఎట్లా అన్న భయమూ ఉంది. వారం రోజులుగా కాలు ఒకచోట నిలవలేదు. కంచం ముందు కూర్చుని లేచిపోయేదాన్ని. దుకాణంలో గిన్నెలు అడిగినవాళ్లకు గ్లాసులు తీసిచ్చాను. ఆపేద్దామని రెండుసార్లు బాబాయికి ఫోన్ కలిపి, వాన పడేట్టుందా అని అడిగి పెట్టేశాను.

పిలిచిన మనిషి కాబట్టి అమ్మ ముందు వరసలో, స్పీకరు పక్కనే కూర్చుంది. చుట్టూ పట్టుచీరలు. మగవాళ్లు, కాలేజీ పిల్లలు వెనక వరసల్లో. నేను కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడ్డాను. కాసేపు అందరూ మర్యాదగా చూశారు. తర్వాత కుర్చీలు కిర్రుమనడం మొదలైంది. ట్రాము మూడోసారి ఆఖరి స్టాపుకు చేరేసరికి వెనక నుంచి ఎవరో పెద్దాయన ఉండబట్టలేక అడిగేశాడు.

"ఆ పోరడు మాట్లాడ్తడా, లేదా?"

"ఇద్దరు మాట్లాడుకుంటె సినిమా అయిపాయె. జర ఊకో," అంది ముందు వరసలో ఒకావిడ. నవ్వులు లేచాయి. అమ్మ నవ్వలేదు, కళ్లు తెర మీదే ఉన్నాయి.

అప్పుడు తెర నల్లబడింది. నా గొంతు మొదలైంది. ఇంకో రెండు మాటలైతే అసలు మాట వస్తుందనగా హాల్లో లైట్లన్నీ భగ్గున వెలిగాయి.

"బొమ్మ వోయింది! ఇంటర్వెల్, ఇంటర్వెల్!" అని తలుపు దగ్గర నుంచి మా బాబాయి కేక.

ఇంటర్వెల్ లేని సినిమా ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, నాకు తట్టలేదు. బొట్టు పెట్టి పిలిచిన మనుషులను ఉత్తచేతులతో పంపిస్తే పరువేం కావాలని ఆయన వంటాయన్ని పెట్టాడు. బొమ్మ పోవడం, మిర్చి బజ్జీలు మూకుడులోంచి పైకి రావడం ఒక్కసారే జరిగాయి. వెనక వరసలు లేచాయి. పళ్లేల చప్పుడు, "చాయ్ ఇటు, చాయ్ ఇటు" అన్న అరుపులు. ఆ గోలలో నా గొంతు చెప్పాల్సింది చెప్పుకుంటూ పోయింది. ఆపమని అరవాలి, అరవలేదు. కోపంతో ఒళ్లు మండింది, లోపల ఎక్కడో హమ్మయ్య అనిపించింది కూడా. ఆ హమ్మయ్య మీద ఇంకా కోపం వచ్చింది. ముందు వరస వైపు చూస్తే పట్టుచీరలు ఒక్కటీ లేవలేదు.

బజ్జీలు తిన్నవాళ్లలో కొందరు సినిమా అయిపోయిందనుకుని అటునుంచి అటే వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు పూర్తయ్యే దాకా ఉండి, ఆ తర్వాత హాలు బయట రెండు జట్లయ్యారు.

"పాపం, ఇల్లు యాదికొచ్చి ఎంత తండ్లాడుతాందో పిల్ల. నాకైతె కండ్లల్ల నీళ్లొచ్చినయ్," అన్నాడు ఆ పెద్దాయన. ట్రాములో కుర్రాడి సంగతి మరిచిపోయినట్టున్నాడు.

"ఏం యాదికొచ్చుడు? ఇంటికి రానే రానంటాంది, మేము ఇన్లేదా?" అంది ముందు వరస ఆవిడ.

"కని పెంచిన తల్లిని అట్లెట్ల అంటది? మీరు తప్పు ఇన్నరు."

"మీరు మిర్చీల మీదున్నరు. స్పీకరు మా చెవులకాడున్నది."

కాలేజీ పిల్లవాడొకడు సినిమా అదిరింది అన్నాడు. ఇంకొకడు నిద్రొచ్చింది అన్నాడు. వాళ్ల గొడవ నాకు పట్టలేదు. ఈ రెండు జట్లూ నా వైపు తిరిగాయి. నువ్వు అక్కడ చదివొచ్చినదానివి, నీకు తెలుస్తుంది, ఏది నిజమో చెప్పు అన్నారు. అమ్మ ఖాళీ చాయ్ కప్పు పట్టుకుని రెండడుగుల దూరంలో నిలబడి ఉంది.

"ఎవరికెట్ల సమజైతె అట్లనే," అన్నాను. రెండు జట్లూ ఒప్పుకోలేదు.

ఇంటికి వెళ్లేటప్పుడు అమ్మ స్కూటీ వెనక కూర్చుంది. చౌరస్తా దగ్గర సిగ్నల్ పడి ఆగాం. అద్దంలో ఆమె భుజం తప్ప ముఖం కనిపించడం లేదు. ఏమైనా అంటే బాగుండునని, ఏమీ అనకపోతే బాగుండునని అనుకుంటూ బ్రేకు పట్టుకుని వదులుతున్నాను.

"నీ గొంతు గంత మొద్దుగ చేసిందేందే ఆ పిల్ల?" అంది అమ్మ.

పచ్చలైటు పడింది. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. కదిలించాను గాని ఎటు పోతున్నానో తెలియలేదు. కొంత దూరం పోయాక అమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

"నువ్వొచ్చిన్నాడు ఏర్‌పోర్టుల నన్ను పట్టుకోని ఎక్కెక్కి ఏడిస్తివి. నన్ను జూసి ఏడుస్తున్నవనుకున్న బిడ్డా. బజార్ల అందరికి గట్లనే చెప్పుకున్న. ఇగ ఇప్పుడు ఏమని చెప్పాలె?"