అవతలి వీధికి అవిసె కట్టు

నాకు అరవై దాటాక చర్చిలో ఆడవాళ్లకు పెట్టిన తరగతిలో అక్షరాలు వచ్చాయి. అంతకుముందు ఈ సంగతి చెప్పి రాయించుకుందామంటే, మా ఊళ్లో రాయగలిగిన ప్రతి మనిషీ ఏదో ఒక పార్టీ వాడే.

ఇది జరిగింది ఒక ఎన్నికల ఏడు. జమ్మలమడుగు దగ్గర నల్లరేగడి ఊరు మాది. శనగ చేలల్లో గట్ల వెంబడి అవిసె వేసేవాళ్లం. నీలం పూలు పొద్దెక్కేసరికి రాలిపోయేవి. పట్నంలో ఒక నర్సమ్మ దగ్గర ఆయాగా ఉన్నప్పుడు ఆ గింజలతో పోల్టీసు వేయడం నేర్చుకున్నాను. పోల్టీసంటే వేడి పిండికట్టు. గింజలు బరకగా నూరి, మరిగే నీళ్లలో గిన్నెకు అంటనంత ముద్దగా కలిపి, గుడ్డ మీద పరిచి చీముగడ్డకు కడతాం. ఆ జిగురు వేడిని పట్టి ఉంచి గడ్డను పండిస్తుంది. తిరిగొచ్చాక మా ఊళ్లో ఎవరికి గడ్డ లేచినా నేనే కట్టేదాన్ని.

అవతలి పార్టీవాళ్లు మా వీధిలో ఒకరిని నరికాక వాళ్ల వీధితో రాకపోకలు ఆగాయి, బస్సూ ఆగింది. అప్పుడే అవతలి వీధి సుబ్బమ్మ కోడలికి రొమ్ము గడ్డ లేచిందని తెలిసింది. పచ్చి బాలింత. ఒళ్లు కాలిపోతోంది, బిడ్డకు పాలు లేవు. ఆస్పత్రికి తీసుకుపోదామంటే పట్నం దారిలో మావాళ్లు కాపు కాశారు.

గింజలు కొంగున కట్టుకుని వెళ్లాను. సుబ్బమ్మ వాకిట్లోనే అడ్డం నిలబడింది.

"యాడికొస్తాండావు మే? ఏం కలిపి పంపినారు మీవాళ్లు?"

"గింజలేక్కా. నీ రోట్లోనే నూరతా, సూడు."

"సూస్తే విషం కనపడతాదా? ముందు నీ వొంటికి కట్టుకో."

మొదటి కట్టు నా ముంజేతికే కట్టుకుని కూర్చున్నాను. ఇంట్లోవాళ్లంతా నా చేతినే చూస్తున్నారు.

"అత్తా, ఆయమ్మ సేయి సూసింది సాలు," లోపలినుంచి కోడలు మూలిగింది. "నేను సచ్చినాక కడతారా ఏంది?"

అప్పుడు నన్ను లోపలికి రానిచ్చారు. చల్లారిన కట్టు తీసి వేడిది మార్చుతూ పోయాను. సాయంత్రానికి గడ్డ పగిలింది. చీము పోయి ఆ పిల్ల కళ్లు మూసుకుని నిద్రపోయింది. సుబ్బమ్మ లోటాతో నీళ్లు తెచ్చి, నా చేతికివ్వబోయి ఆగింది.

"వొద్దులే. ఈడ తాగినావని తెలిస్తే మీవాళ్లు నిన్ను బతకనీరు."

మా వీధిలోకి రాగానే తోటికోడలు గడపలోంచే అంది: "ఆడ్నే ఉండకపోయినావా? ఈడెవురున్నారు నీకు?" తలుపు వేసుకుంది. మిగతా ఇళ్లూ అంతే. నా పని రెండు వీధులకూ కావాలి, నేను ఏ వీధికీ అక్కర్లేదు. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది అదే.

గడ్డ పగిలాక పుండును శుభ్రం చేయకపోతే మళ్లీ చీము పడుతుంది. మరుసటి రోజు పొద్దున్నే ఉప్పునీళ్లు కాచి, ఉడకబెట్టిన గుడ్డలు తీసుకుని, అందరూ చూస్తుండగా నడివీధిలోంచి సుబ్బమ్మ ఇంటికి వెళ్లాను.