అక్కకు అందని హంతకుడు

ప్రతి నవలనూ చివరి అధ్యాయం తీసేసి అక్కకు ఇవ్వడం ఆ రచయిత్రి అలవాటు. అక్క టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఊరందరి మాటలూ విని విని ఎవరినీ ఓ పట్టాన నమ్మదు. వంటింట్లో బీన్స్ తుంచుకుంటూ చదివి, హంతకుడెవరో తేల్చేసేది.

"ఆ తోటమాలి వాలకం మొదట్నుంచీ బాగాలేదే," అనేది.

అది నిజమైతే చెల్లెలు రుసరుసలాడుతూ కాగితాలు పట్టుకుని మేడెక్కేది. నవల మళ్ళీ మొదటికొచ్చేది. పగలంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటూ, తెల్లవారకముందే లేచి రాసే మనిషికి అది మామూలు కష్టం కాదు. అయినా "ఏమోనే, అంతు చిక్కట్లేదు" అని అక్క అంటే గానీ పుస్తకం గడప దాటేది కాదు. అలా దాటినవాటిలో ఒకదానికి పెద్ద అవార్డు వచ్చింది. వేదిక మీద అందరినీ తలుచుకుని అక్కను మరిచిపోయింది. అక్క నెల్లాళ్ళు మూతి ముడుచుకుంది గానీ, తర్వాతి నవల చదవడం మానలేదు.

ఆ తర్వాత రచయిత్రికి గుండె ఆపరేషన్ అయింది. కోలుకుని మళ్ళీ కలం పట్టింది. చిత్రంగా, ఈసారి మొదటి ప్రతికే అక్క చేతులెత్తేసింది. ఇన్నాళ్ళకు తన చెయ్యి తిరిగిందని చెల్లెలు పొంగిపోయింది.

పబ్లిషర్ ఆ నవలను వెనక్కిచ్చాడు. "ఏమనుకోకండి మేడమ్, మూడో అధ్యాయంలోనే తెలిసిపోతోంది."

"మా అక్కకే తెలియలేదండీ!"

ఆయన తల దించుకున్నాడు. నిజం తెలిసీ చెప్పలేక అలా తల దించుకునేవాళ్ళ గురించి ఆమె చాలా నవలల్లోనే రాసింది.

ఇంటికొచ్చి కాగితాలు అక్క ముందు పడేసింది. "నిజం చెప్పక్కా. ఎవరు?"

"డాక్టరు బావమరిది," అంది అక్క తలెత్తకుండా. "రెండో అధ్యాయంలోనే."

"మరి తెలియలేదన్నావేం?"

"మెట్లెక్కడానికే ఆయాసపడుతున్నావు. ఇదంతా మళ్ళీ రాయమని ఏ నోటితో చెప్పనే?"

రచయిత్రికి ఒళ్ళు మండింది. ఏడుపూ ముంచుకొచ్చింది. దాచడం తన పని, పట్టుకోవడం అక్క పని. అక్క జాలిపడి ఆ పని మానేస్తే ఇక తను రాసేది ఎవరికోసం?

"డాక్టర్లు కూడా నన్నింత రోగిని చేయలేదక్కా," అంది.

అక్క చేతులు తుడుచుకుని బయటికి వెళ్ళి, పక్కింటివాళ్ళను పిలిచింది. సాయంత్రానికి రాతబల్ల మేడ మీంచి వంటింట్లోకి దిగింది. అక్క దాని పక్కనే కూర్చుని బీన్స్ గిన్నె ముందుకు లాక్కుంది.

"రాయి," అంది. "పట్టుకున్నానంటే ఈసారి ఊరుకోను."