నీళ్ల తగువుకు పరిచిన కంబళి

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, కాళ్లు చాపుకున్నా ఏమీ అనుకోను; మన వయసువాళ్లకు సగం చెబితే తక్కినది వాళ్లకే గుర్తొస్తుంది. మొన్న మా మనవరాలు పేపరు చదువుతూ, ఏదో నది నీళ్ల తగువు ట్రిబ్యునల్ ముందుకు పోయిందని చెప్పింది. అదేమిటే అంటే, ఒక్కో రకం తగువుకు విడిగా పెట్టే కోర్టులాంటిదనీ, ఇది ఆ నీళ్ల కోసమే కూర్చుంటుందనీ వివరించింది. నీళ్లకే ఒక కోర్టా అని ఆ పూటంతా దాన్నే తలచుకుంటూ ఉండిపోయాను.

నేను బెళుగుప్ప పక్క పల్లెకు కోడలినై వచ్చిన కొత్తలో మాకు ఇన్ని పేర్లు తెలియవు. తహశీల్దారు కూర్చునేది కచేరి, మున్సిఫ్ కోర్టు చిన్న కోర్టు, అనంతపురంలోది పెద్ద కోర్టు. హైకోర్టు మాటెత్తితే మా అత్త గొంతు తగ్గించేది, అక్కడికి పోయిన పొలం తిరిగి రాదన్నట్టు. ఊళ్లో తగువు తీర్చడాన్ని మాత్రం పంచాయతీ అని కూడా అనేవాళ్లు కాదు, కంబళి పరిచినారు అనేవాళ్లు. ఎందుకంటే తగువు పడ్డ ఇద్దరూ ఒకే గొర్రెబొచ్చు కంబళి మీద కూర్చోవాలి, సాక్షి కూడా దాని మీదే వాళ్లకెదురుగా కూర్చుని చెప్పాలి, తేలేదాకా ఎవరూ లేవకూడదు.

మా మామ పోయాక, ఉన్న ఒక్క బావి నీళ్ల కోసం మా ఇంటాయనకూ ఆయన అన్నకూ చెడింది. బావి తన చేలో ఉంది గనక నీళ్లన్నీ తనవేనని పెద్దాయన పట్టుబట్టి, ఊరి కంబళికి రానని చిన్న కోర్టుకెక్కాడు. వాయిదా మీద వాయిదా పడుతుంటే, దిగువనున్న మా చేలో శెనక్కాయ ఊడలు దిగే వేళకు ఆకు ముడుచుకుంది. ఆ పంట పోతే ఆ ఏడు మాకు తిండిగింజలు లేనట్టే.

చివరకు మా అత్తను సాక్షిగా పిలిచారు, తోడుగా నేనూ పోయాను. బోనెక్కమంటే ఆమె ఎక్కకుండా, భుజాన వేసుకొచ్చిన కంబళి దులిపి జడ్జిగారి ఎదుట నేల మీద పరిచి, చెంగు సర్దుకుని కూర్చుని, కొడుకులిద్దరినీ రమ్మంది. బంట్రోతు పరుగున వచ్చాడు, ప్లీడర్లు నవ్వారు. జడ్జిగారు మాత్రం కోప్పడకుండా అదేమిటని అడిగారు.

"వీళ్లిద్దరూ ఒక కంబళి మీద కూర్చోకుంటే నేను సాచ్చెం యాడ చెప్పేది సామీ?"

కోర్టులో నిలబడే చెప్పాలమ్మా, వరండాలో అయితే మీ ఇష్టం, తేలితే మధ్యాహ్నం వచ్చి చెప్పండి అన్నారాయన.

వరండాలో అన్నదమ్ములు పెడమొహాలు పెట్టుకుని కూర్చున్నా, కంబళి చిన్నది కాబట్టి మోకాళ్లు తగులుతూనే ఉన్నాయి. మీ నాయన అసలు వంతులే పెట్టలేదని అత్త నిదానంగా మొదలుపెట్టింది.

"ఎవుని చేను ముందు వాడిపోతే వానికి నీళ్లు ఇడవమన్నాడు. అంతేరా."

పెద్దాయన కంబళి బొచ్చు పీకడం మొదలుపెట్టాడు. మా చేను చూడనివాడేం కాదు, రోజూ దాని గట్టు మీదనే నడిచి పోతాడు.

"నీదే ముందు వాడిపోయింది లేరా," అన్నాడు, తమ్ముడి వైపు చూడకుండానే. "రేప్పొద్దున నువ్వే ఇడుచుకో."

ఇప్పుడా బావిలో తుమ్మచెట్లు మొలిచాయి, నీళ్లు బోర్ల అడుక్కి పోయాయి. పేపర్లో చూస్తే న్యాయస్థానం, ధర్మాసనం, లోక్ అదాలత్ అని ఎంతో గంభీరమైన పేర్లు. అక్కడ తగువు పడ్డవాళ్లు ఎంత దూరంలో కూర్చుంటారే అని మనవరాలిని అడిగాను. అది రాయలేదవ్వా అంది.

విన్న మీ ఇంట్లో తగువంటూ పుడితే పొద్దు గుంకేలోపల తేలిపోవాలి తల్లీ. మీ బావి ఊరుతూ ఉండాలి. మీ బిడ్డలకు కంబళి ఎప్పుడూ కాస్త చిన్నదిగానే దొరకాలి.