సొన మచ్చ లేని కారు

ఆ రోజుల్లో మా నూజివీడులో కారంటే రెండే రకాలు: పెళ్ళికొడుకు ఎక్కేది, ఓట్లడగడానికి వచ్చేది. (మొదటిదాని మీద పూలుండేవి, రెండోదాని మీద మైకు. రెండూ తీసేస్తే అది ఒకటే కారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.) అలాంటి ఎనభైల్లో, కాయలు కోతకొచ్చిన ఒక వేసవిలో, ముసునూరులో రిటైరైన డాక్టరమ్మగారొకరు టాపు లేని అమెరికా కారు అమ్మకానికి పెట్టారన్న కబురు మా మావయ్య మామిడికాయల కొట్టుకి చేరింది. "టాపు లేకపోతే ధర తగ్గించాలిగా" అన్నాడు మావయ్య. టాపు ఉందనీ, మీట నొక్కితే దానంతటదే వెనక్కి మడుచుకుంటుందనీ కబురు తెచ్చినాయన చెబితే, "గొడుగన్నమాట" అని తేల్చేశాడు.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. కొట్లో గంపల అడుగున గడ్డి పరవడం నా ఉద్యోగం, తోటలో ట్రాక్టరు తోలడం నా విద్య. "కొంటే తోలేది నువ్వేరా" అని మావయ్య నోరుజారాడు. అంతే, పొద్దు గుంకేలోపు మంగలి షాపులో ఆ కారు నాదైపోయింది. మర్నాటికి మైలవరం దాకా నాదే. హనుమాన్ జంక్షన్ వెళ్ళి నల్ల కళ్ళద్దాలు కూడా కొనుక్కొచ్చాను. ఇక ఆ కారు కొనకపోతే ఊళ్ళో మొహం ఎలా చూపించాలి? కళ్ళద్దాలు ఎంత పెద్దవైనా మొహమంతా కప్పవు కదా!

ముసునూరులో డాక్టరమ్మగారి పెరట్లో, మామిడిచెట్టు కింద, ఆవిడ స్వయంగా దుప్పటి లాగారు. పండిన బంగినపల్లి రంగు, వెనకాల చేప రెక్కలు, ముందు దీపాల దగ్గర నిలబడితే వెనక దీపాలు చూడ్డానికి బస్సెక్కి వెళ్ళాలనిపించేంత పొడవు. బంపర్లో చూసుకుంటే నాకంటే అందగాడొకడు నన్ను చూసి నవ్వాడు. మావయ్య మాత్రం తోట బేరానికొచ్చినట్టు చుట్టూ తిరిగాడు, వేలితో కొట్టాడు, వంగి వాసన చూశాడు.

"ఒక్క గీతైనా లేదేంటండీ?" అన్నాడు అనుమానంగా.

"లేదండీ. మావారు పోయాక గేటు దాటించలేదు. ఆదివారం ఆదివారం స్టార్టు చేయడం, తుడవడం, దుప్పటి కప్పడం. ఎక్కడ ఏం తగుల్తుందోనని భయం. ఇక తుడిచే ఓపిక లేక అమ్మేస్తున్నా" అన్నారావిడ.

మావయ్య నన్ను పక్కకి లాగాడు. "ఒరే, సొన మచ్చైనా లేని కాయ చెట్టున మాగిందంటే నేను నమ్మను. ఇది కార్బైడు సరుకు. పైన పసుపు, లోన పులుపు. పద."

"కారుకి కార్బైడేంటి మావయ్యా!" అని ఏడుపు గొంతుతో అన్నాను.

"ముప్పై ఏళ్ళుగా కాయలు చూస్తున్నా, నాకు చెప్పకు."

ఇంత దూరం వచ్చి బేరమాడకుండా పోతే వ్యాపార ధర్మం కాదని, మర్యాదకి తువ్వాలు చాపాడు. (మా మామిడి బేరాల్లో ధర పైకి చెప్పరు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి చెబుతారు.) డాక్టరమ్మగారికి ఆ సంగతి తెలియదు. తువ్వాలు కింద చెయ్యి తగలగానే అలవాటు కొద్దీ నాడి పట్టుకున్నారు. "బీపీ ఉంది మీకు. ఊరగాయ తగ్గించండి" అన్నారు. మావయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బేరం అక్కడితో చచ్చింది.

"పోయే ముందు ఒక్కసారి కూర్చుంటానండీ" అన్నాను. "కూర్చో నాయనా" అన్నారు. కూర్చున్నాను. కళ్ళద్దాలు పెట్టాను. ఆనందమో, దుఃఖమో, హారన్ నొక్కాను. అది హారన్ కాదు, మూడు ఓడలు ఒకేసారి రేవు వదిలిన మోత. మైలవరం రోడ్డు మీద బస్సులు పక్కకి తప్పుకున్నాయని నా నమ్మకం. చెట్టు మీద కాయ కొరుకుతున్న కోతి ఎగిరి అవతలి కొమ్మకి దూకింది. ఇవతలి కొమ్మ ఊగింది. కొబ్బరిబోండాం అంత పెద్దరసం కాయ ఒకటి తొడిమ తెంచుకుని, తిన్నగా వచ్చి బానెట్ మీద పడింది.

దబ్!

నిగనిగలాడే రేకు మీద గుప్పెడంత సొట్ట. దాంట్లోంచి పక్కకి జారుతున్న సొన. మావయ్య మొహం మెల్లగా విచ్చుకుంది. "అమ్మగారూ! అసలు సరుకే! సొట్ట పడ్డా రంగు లేవలేదు చూడండి! తీసుకుంటున్నా, తువ్వాలు పట్టండి!" నేను సీట్లోంచి గాల్లోకి లేచాను. (టాపు వెనక్కి మడిచి ఉండడం కలిసొచ్చింది.)

ఆవిడ తువ్వాలు వంక చూడలేదు. కొంగుతో సొన తుడిచి, సొట్టలో అరచెయ్యి పెట్టి లోతు చూశారు. తర్వాత గట్టిగా నవ్వారు. "ఇన్నేళ్ళు దేనికి భయపడ్డానో అది అయిపోయింది. ఇంతేనా! ఇంక అమ్మడమెందుకండీ? జరుగు నాయనా, నేను నడుపుతా. మిమ్మల్ని నూజివీడులో దింపుతా."

మావయ్య ముందు సీటెక్కాడు. ఎక్కేముందు, ఖాళీగా పోవడం పాపమని, ఆవిడనడిగి పెరటి రసాలు రెండు గంపలు వెనక సీట్లో వేయించాడు. నేను వాటి మధ్యన ఇరుక్కున్నాను. నూజివీడు నడిబొడ్డున మంగలి కత్తి పట్టుకుని బయటికొచ్చాడు. "ఏంటయ్యా, కారు నీదన్నావ్! గంపల్లో కూర్చున్నావేంటి?"

"ఓనర్లు వెనకే కూర్చుంటారు. డాక్టరుగారిని డ్రైవరుగా పెట్టుకున్నా" అన్నాను కళ్ళద్దాలు సర్దుకుని. అద్దంలో ఆవిడ కళ్ళు నన్ను చూశాయి. ఇక దింపేస్తారనుకున్నాను. ఆవిడ నా తరఫున హారన్ నొక్కారు.

ఆ తర్వాత చాలా వేసవులు ఆ కారు సొట్టల మీద సొట్టలు వేసుకుంటూ, తోటల మధ్య చెంగుచెంగున తిరిగింది. ఇప్పుడు నాకూ ఓ కారుంది. సీట్ల ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. దాని పక్కన ఎవరైనా సైకిలు ఆపినా నా బీపీ లేస్తుంది, మా ఆవిడ నవ్వుతుంది. నిన్న మాత్రం దుప్పటి తీసి, దాన్ని తీసుకెళ్ళి మా పెరటి మామిడిచెట్టు కింద పెట్టి వచ్చాను. ఇంకా ఏ కాయా పడలేదు. ఇది రాస్తున్నానన్న మాటే గానీ, ఒక చెవి అటే ఉంది.