చూసిన పీరియడు

మా బడి సారు పోయిండని, నాతోని చదివిన పటేలు బిడ్డ పోయిన నెల ఒకనాడు పొద్దుగాలనే ఫోన్ చేసింది. నేను పాఠాలు చెప్పే మాక్లూర్ బడికి పోయే తొందర్ల ఉన్న, ఒక చేతిల టిఫిన్ డబ్బ, ఇంకో చేతిల ఫోను. ఏడ్వాల్నో కూసోవాల్నో ఏం తోచలే. నా నోట్లకెళ్లి వచ్చిన మొదటి మాట, "నువ్వు చూసినవానే?"

"చూసిన. బోధన్ల సారోల్ల ఇంటికాడనే ఉన్న. కాళ్లు ముట్టిన, సల్లగున్నయి," అన్నది. అప్పుడు నమ్మిన. ఇంకోల్లు ఇంటే, పోయిన మనిషి గురించి గదేం అడుగుడే అని తిడుదురు. మా ఇద్దరికి గట్ల అడుగుడు నేర్పింది ఆయననే.

మా ఊరు నిజామాబాద్ నుంచి బోధన్ పోయే తొవ్వల ఉంటది. ఒక దిక్కు వరి, ఒక దిక్కు చెరుకు, నడుమ సర్కారు బడి. సారు మాకు సోషల్ చెప్పేటోడు, హెడ్మాస్టరు గూడ ఆయనే. బోధన్ నుంచి బస్సుల వచ్చి బస్సుల పోయేటోడు. పైనుంచి నీతి పాఠాల పుస్తకాలు వస్తుండె, మంచి రంగు బొమ్మలతోని. సారు పంచేటోడు, చదివించేటోడు. చదివించినంక మాత్రం, "ఇవి నోటికి వస్తయిరా, ఒంటికి రావు," అని నవ్వేటోడు.

ఒంటికి రావాల్నని శనివారం ఆఖరి పీరియడు ఆయన సొంతంగ పెట్టిండు. మేం దాన్ని చూసిన పీరియడు అనేటోల్లం. లేచి నిలవడి, ఆ వారంల నీ కండ్లతోని చూసిన ముచ్చట ఒక్కటి చెప్పాలె. "అంటున్నరు సార్", "అట సార్" అన్నవో, సారు అరచెయ్యి మెల్లగ కిందికి వచ్చేది. కూసో అన్నట్టు. అక్కడ చెప్పిన మాటకు దెబ్బలు లేవు, తిట్లు లేవు. "ఇన్న మాట గాలికి పోతదిరా, చూసిన మాట మెడకు పడతది. అందుకే చూసిందే చెప్పుండ్రి," అనేటోడు.

ఒకసారి ఆరో తరగతి పిల్ల లేచి, "సారూ, మీరు మొన్న బస్టాండ్ల చాయ్ తాగి కప్పు రోడ్డు మీద పారేసిండ్రు," అన్నది. మేమంత నోట్ల అంగి కొసలు కుక్కుకున్నం. సారు కండ్లద్దాలు తీసి తుడుసుకుండు. "పారేసిన బిడ్డా," అన్నడు. బడి ఇడిసినంక పోయి బస్టాండ్ల కప్పులు ఏరుతుంటే మేం ఎనకాల పోయి ఏరినం. చాయ్ దుకాణపాయన పరేషానై, ఎవలన్న పెద్ద ఆఫీసరు వస్తుండా సారూ అని అడిగిండు.

ఇంకో కానూను గూడ ఉండె. ఎవలు గూడ ఇంట్లోల్ల తరఫున చెప్పొద్దు. ఒక పోరడు, మా తమ్ముడు కొట్టలేదు సార్ నేను చూసిన, అని లేస్తే సారు కూసోబెట్టిండు. "సొంతోల్ల సాక్ష్యం ఉప్పులేని పప్పురా. వండినోడే తినాలె." మేం పడీపడీ నవ్వినం. ఆ కానూను ఒకనాడు నా మెడకే తగులుకుంటదని నాకేం ఎరుక.

మా అవ్వ, నన్ను కన్న తల్లి, ఆ బడిలనే మధ్యాహ్నం అన్నం వండేది. ఆదివారమొస్తే బోధన్ చర్చిల పాట పాడే మనిషి, మిగిలిన దినాలు రేకుల షెడ్డుల పొగ మింగే మనిషి. ఊర్లె కొంతమందికి ఆమె వండుడు మొదాల్నుంచి గిట్టకుండె. బడి కమిటీ పెద్ద పటేలు గూడ ఆ మందిలనే. మొఖం మీద అనకుండె గానీ, షెడ్డు ముంగట నుంచి పోయినప్పుడల్ల తువాల ముక్కుకు పెట్టుకుంటుండె.

నేను ఎనిమిదో తరగతిల ఉన్నప్పుడు ఒక మంగళవారం, అన్నం తిన్న జర సేపటికే కొంతమంది పిల్లలు కక్కుడు పెట్టిండ్రు. ఒకడు నురుగ కక్కి కింద పడ్డడు. ఆ దినం సారు మండల ఆఫీసుల మీటింగుకు పోయిండు. లెక్కల సారు ఆటోల ఏసుకొని పిల్లల్ని బోధన్ దవాఖానకు తీస్కపోయిండు. సారు ఉరికొచ్చే వరకు ఊరంత బడిల ఉండె.

"పప్పుల బల్లి పడ్డది!" అని ఒకలు. "వీళ్ల చేతి కూడు వద్దని ముందుగాల్నే చెప్పినమా లేదా?" అని ఇంకొకలు. పటేలు ముంగట నిలవడి, "దీన్ని బయటికి గుంజుండ్రి," అన్నడు. మా అవ్వ షెడ్డు తలుపుల నిలవడ్డది, చేతిల గంటె అట్లనే ఉన్నది. ఆమెను కొడతరని సమజైంది నాకు.

సారు ముందుగాల షెడ్డులకు పోయిండు. ఏం చేసిండో ఎవలకు తెలువది, జర సేపటికి బయటికి వచ్చిండు. లెక్కల సారుతోని ఫోన్ల మాట్లాడిండు. తర్వాత గంట కొట్టిచ్చిండు. లొల్లి నడుమ బడి గంట మోగితే అందరు ఒక్కపాలి సప్పుడు బంద్ చేసిండ్రు.

"పిల్లలు లైన్ల కూసోండ్రి. ఇయ్యాల శనివారం అనుకోండ్రి."

పటేలు మండిపడ్డడు. "పిల్లలు సావు బతుకుల ఉంటే నీ పీరియడు ఏంది సారూ?"

"అందుకే పటేలా. డాక్టరు ఏం తిన్నరని అడుగుతుండు. దవాఖానల పిల్లలు నోరు ఇప్పుత లేరు. ఏం తిన్నరో తెలిస్తేనే సరైన మందు జల్ది పడతది." మా దిక్కు తిరిగి, "తప్పు ఎవలిదని నేను అడుగుత లేను. ఇయ్యాల మీ కండ్లతోని ఏం చూసిండ్రో అదొక్కటి చెప్పుండ్రి," అన్నడు.

ఎవ్వలు లేవలే. నేను లేచిన. "సారూ, మా అవ్వ పొద్దుగాల పప్పు కడిగి..."

అరచెయ్యి కిందికి వచ్చింది.

"సారూ, నేను చూసిన!"

"కూసో బిడ్డా. నువ్వు చెప్పొద్దు."

అబద్ధమెందుకు, ఆ చెయ్యిని కొరకాలనిపించింది నాకు. నా తల్లిని సంపుతుంటే ఈయనకు కానూను కావాల్నా అని కడుపు మండిపోయింది. కూసున్న. అవ్వ మొఖం చూసే ధైర్యం లేక షెడ్డు గోడ దిక్కు చూసిన. పిల్లలు తిన్న ప్లేట్లన్ని బోరింగు కాడ ఎంగిలిగనే పడి ఉన్నయి. పిట్టగోడ మీద మాత్రం ఒక స్టీలు ప్లేటు కడిగి బోర్లిచ్చి ఉండె, నీళ్లు కారుతున్నయి. గిదొక్కటే ఎవలు కడిగిండ్రబ్బా అనుకున్న. అంతే, మళ్ల అవ్వ మీదికే పోయింది పాణం.

సారు తొందర పెట్టలే. చేతులు ఎనకకు కట్టుకొని మమ్ముల చూసుకుంట నిలవడ్డడు. ఎనకాల మంది గొణుగుడు మళ్ల లేస్తుంది. ఇద్దరు ముగ్గురు షెడ్డు దిక్కు జరిగిండ్రు. గప్పుడు నా పక్కల కూసున్న పటేలు బిడ్డ లేచింది. లంగను గట్టిగ పట్టుకున్నది.

"సారూ, పొద్దుగాల ఇంటర్‌వెల్ల దవాఖానల ఉన్నోల్లను నేనే మా చెరుకు తోటకు తీస్కపోయిన. చెరుకు గడలు ఇరిసి, పండ్లతోని తొక్క తీసుకొని తిన్నరు. నాకు పన్ను నొస్తుండె, నేను తినలే." పటేలు దిక్కు చూడకుంట ఇంకో మాట అన్నది. "నిన్న మా బాపు తోటకు తెల్లదోమ మందు కొట్టిచ్చిండు. గట్టు మీద ఎర్రగుడ్డ కట్టలే. నేను చూసిన."

మా దిక్కు మందు కొట్టిన చేనుకు ఎర్రగుడ్డ కడతరు. ఎవలు ముట్టొద్దని గుర్తు. గుడ్డ లేదంటే తప్పు చేనుగలోనిది. మందిల ఉన్నోల్లందరికి ఆ సంగతి తెలుసు.

సారు అప్పుడే ఫోన్ తీసి లెక్కల సారుకు, "చెరుకు. పురుగుల మందు. డాక్టరుకు జల్ది చెప్పు," అన్నడు. పటేలు చెయ్యెత్తి బిడ్డ మీదికి వచ్చిండు. సారు అడ్డం నిలవడ్డడు. సన్నటి మనిషి, పటేలు భుజానికి గూడ రాడు. "పటేలా, ఇంటికాడ మీ బిడ్డనే. బడి ఇడిసేదాంక నా బిడ్డ. ఆ పీరియడుల చెప్పిన మాటకు దెబ్బలు లేవు," అన్నడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉన్నది కొద్దిసేపు. తర్వాత పటేలు తువాల దులుపుకొని పోయిండు.

పిల్లలందరు బతికిండ్రు. పటేలు మా అవ్వతోని ఒక్క మాట మాట్లాడలే, తప్పైందనలే. తెల్లారి మాత్రం ఆ గట్టు మీద ఎర్రగుడ్డ కట్టి ఉండె. ఆ యేడాదే సారుకు ముప్కాల్ దిక్కు బదిలీ వచ్చింది. ఎవలు చేయించిండ్రో నేను చూడలే, అందుకని చెప్ప.

నేను మాత్రం సారు మీద శానా దినాలు కోపం పట్టిన. టీచరునైనంక, పిల్లల ముంగట నిలవడ్డంకనే సమజైంది. నేను చెప్పి ఉంటే తల్లి కోసం బిడ్డ ఏడుస్తుందని మంది నవ్వి పోదురు. ఇంకో పిల్ల నోరు తెరవకపోవు.

మొన్న మా ఊరి బడిల సారుకు సంతాప సభ పెట్టిండ్రు. మైకు పట్టినోల్లందరు మహానుభావుడు, ఆదర్శమూర్తి అనుడే. ఒకాయన, సారు జీతమంత బీదలకు పంచేటోడట అన్నడు. అట! నాకు ఒళ్లు మండింది. నా పేరు పిలిచిండ్రు. లేచిన, మైకు దాంక పోయిన. ఏం చెప్పాలె? ఆయన నాకు తండ్రి లెక్క. సొంతోల్ల సాక్ష్యం నడువదు గదా. దండం పెట్టి వచ్చి కూసున్న.

నా పక్కకెళ్లి మా అవ్వ లేచింది. బతుకుల ఎన్నడు మైకు ముట్టని మనిషి. కొంగు నెత్తి మీదికి గుంజుకొని నిలవడ్డది.

"నేను సూసింది సెప్త. ఆ దినం సారు ముందుగాల షెడ్డులకే వచ్చిండు. సారూ నన్ను నమ్ముండ్రి అని కాళ్లు పట్టుకున్న. 'నమ్ముడు కాదమ్మా, సూడాలె' అన్నడు. మిగిలిన అన్నం, పప్పు ప్లేట్ల ఏసుకొని, నా ముంగట్నే తిన్నడు. అయ్యో వద్దు సారూ, నాకే బుగులైతుంది అన్న. ఇనలే. ఎవలకు సెప్పకు అన్నడు. 'నేను తిన్ననంటే అందరు నా మాట పట్టుకొని పోతరు. పిల్లలు నోరు తెరవరు' అన్నడు. తిన్న ప్లేటు తనే కడిగిండు."

ముంగటి వరుసల పటేలు బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. ఎనకాల నుంచి ఎవలో, నిజమేనా, ఎవలన్న చూసిండ్రా అన్నరు మెల్లగ.

నేను లేచిన. గీసారి మైకు దాంక పోలే.

"ప్లేటు నేను చూసిన. పిట్టగోడ మీద బోర్లిచ్చి ఉండె. నీళ్లు ఇంకా కారుతుండె."

అంతే చెప్పిన. కూసోమని అరచెయ్యి కిందికి రాలే. జర సేపు గట్లనే నిలవడ్డ.