ఓడినవాడికి మిరపకాయ బజ్జీ

అబ్రహాం మాస్టారు ఏ జట్టు వెనక నిలబడితే ఆ జట్టు ఓడిపోవలసిందే. అంబాజీపేటలో దీని మీద రెండో అభిప్రాయం లేదు. ఎండుకొబ్బరి ధర పెరుగుతుందా తగ్గుతుందా అని పొద్దస్తమానం వాదించుకునే షావుకార్లు కూడా ఈ సంగతి దగ్గర ఏకమైపోయేవారు.

ఆయన మిషను బళ్ళో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. పలివెలలో కబడ్డీ అన్నా, రాజోలులో ఫుట్‌బాల్ అన్నా, అమలాపురంలో వాలీబాల్ అన్నా సైకిలెక్కి హాజరు. చంకలో గొడుగు, ఎడంచేతికి చిన్న పనసకాయంత తోలు తొడుగు. మిషను ఆసుపత్రిలో పనిచేసిన దొరగారొకాయన స్వదేశం వెళ్ళిపోతూ ఇచ్చిన బేస్‌బాల్ తొడుగు అది.

బంతి పట్టుకోవడానికని దొరగారు చెప్పారట. మాస్టారు దాంతో ఒక్క బంతీ పట్టిన పాపాన పోలేదు. ఆట ఎక్కడుంటే అక్కడికి పైడమ్మ బజ్జీల బండి వచ్చేది. నూనెలోంచి తీసిన బజ్జీలు కాగితం కూడా లేకుండా నేరుగా ఆ తొడుగులోనే పెట్టించుకునేవారు. పదిహేనేళ్ళు నూనె పీల్చేసరికి ఆ తోలు ఎంత కమ్మగా తయారైందంటే, వీధికుక్కలు ఆయన సైకిలు వెంట ఊరి పొలిమేర దాకా వచ్చి సాగనంపేవి.

ఆటల మీద ఆయన అభిప్రాయాలన్నీ తిండి దగ్గరే మొదలయ్యేవి.

"ఫుట్‌బాల్‌కి పుణుగులండీ. పరిగెడతా నోట్లో వేసుకోవచ్చు. క్రికెట్టంటారా, అది ఆట కాదండి, విందు. మధ్యలో భోజనాలకి లేచేరంటే ఇంక ఆటేంటండీ?"

"మరి బేస్‌బాలో మాస్టారండీ?"

"అదీ ఆటంటే! కర్రతో కొట్టి, చుట్టూ పరిగెత్తి, బయల్దేరిన చోటికే రావాలి. దాన్ని ఇల్లు అంటారు. ఎంత దూరం కొట్టేవని కాదండి, ఇంటికొచ్చేవా లేదా, అంతే లెక్క."

"మీరు చూసేరాండీ ఆ ఆట?"

"చూడక్కర్లేదండి. నచ్చేసింది."

వీటన్నిటికీ మించిన సిద్ధాంతం ఇంకొకటుంది. గెలిచినవాడు ఏ బజ్జీ అయినా తినవచ్చు. ఓడినవాడు మాత్రం మిరపకాయ బజ్జీయే తినాలి. ఓడిన జట్టునంతా పైడమ్మ బండి దగ్గరికి లాక్కెళ్ళి తనే తినిపించేవారు. ఎందుకండీ అంటే "శాస్త్రం" అనేవారు.

డెబ్భైతొమ్మిదిలో లారీలకి కొబ్బరికాయలెత్తే కుర్రాళ్ళ వాలీబాల్ జట్టుకి సుందరరావు కెప్టెన్. అంతకు ముందు వరసగా రెండేళ్ళు ఫైనల్లో కొత్తపేట చేతిలో ఓడిపోయారు. రెండుసార్లూ వాళ్ళ వెనక నిలబడింది మాస్టారే. మూడోసారి కూడా ఓడితే ఇంక సుందరరావుకి నాలుగోసారి లేదు. మస్కట్ వీసా వచ్చేసింది, వచ్చే నెల ప్రయాణం. ఒక్కసారి ఆ షీల్డు తీసుకెళ్ళి తల్లి ఎలీసమ్మ చేతిలో పెట్టి విమానం ఎక్కాలని అతని కోరిక.

ఫైనల్‌కి ముందురోజు పొద్దున్నే మాస్టారి అరుగు మీద వాలాడు.

"మాస్టారండీ, మీరేం అనుకోనంటే ఓ మాటండి."

"చెప్పవయ్యా."

"రేపు మీరు కొత్తపేటోళ్ళ వైపు కూచోవాలండి."

తొడుగుకి కొబ్బరినూనె రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. "చివరిదాకానా?"

"ఆయ్, చివరిదాకానండి. ఒట్టెయ్యండి."

"ఒట్టు పెట్టుకోకూడదని బైబిల్లో వాక్యం ఉందయ్యా. మాటిస్తాను."

ఆయన మొహం చిన్నబోయింది. సుందరరావుకి మనసు చివుక్కుమంది గానీ, షీల్డు షీల్డే కదా అనుకుని లేచాడు.

మర్నాడు అమలాపురంలో మాస్టారు కొత్తపేట వైపు బెంచీ మీద బుద్ధిగా కూచున్నారు. ఆ జట్టు కెప్టెన్ జోజి ఆయన్ని చూసి హడలిపోయి దణ్ణం పెట్టేశాడు. "మాస్టారండీ, మేమేం పాపం చేసేమండీ?"

పాపమేమీ తగల్లేదు. చెరి రెండు సెట్లూ గెలిచాక, అయిదో సెట్టులో కొత్తపేట పదకొండు, అంబాజీపేట నాలుగు. "ఇంక అయిపోయిందిరా" అంటూ అంబాజీపేట జనం ఒక్కొక్కరే, తాము వచ్చిన లారీ ఎక్కేస్తున్నారు. సుందరరావు వెనక్కి తిరిగి చూశాడు. తమ జనం కూచున్న గట్టు ఖాళీ.

కిందటేడూ ఇలాగే ఖాళీ అయింది. అప్పుడే వెనకనుంచి "ఏం పర్లేదయ్యా సుందర్రావ్!" అని ఒక్క గొంతు వినిపించింది. అంతకు ముందేడూ అంతే. తాము ఓడిపోయింది మాస్టారు రావడం వల్ల కాదు. తాము ఓడిపోతుంటే ఆయన వచ్చారు. ఈ చిన్న ముక్క బుర్రకెక్కడానికి మూడేళ్ళు పట్టినందుకు సుందరరావు సిగ్గుపడ్డాడు.

నెట్ అవతల మాస్టారు బెంచీ మీంచి లేవబోయి కూచుంటున్నారు, కూచుని మళ్ళీ లేవబోతున్నారు.

"మాస్టారండీ! ఇటొచ్చేయండి!"

"మాటిచ్చేను కదయ్యా!"

"మీ మాట మీకిచ్చేస్తన్నానండి! రండి!"

మాస్టారు చుట్టూ తిరిగి రాలేదు. రిఫరీ విజిలు ఊదుతుండగానే కోర్టు మధ్యలోంచి వచ్చి నెట్ కింద దూరారు. గొడుగు నెట్‌కి తగులుకుని ఊచ విరిగింది. రెండు జట్లూ ఆట ఆపి దాన్ని విడిపించాల్సి వచ్చింది.

ఆ తరవాత అంబాజీపేట కుర్రాళ్ళు ఆడిన ఆటకి లారీ ఎక్కినవాళ్ళు దిగివచ్చారు. నాలుగు కాస్తా పదమూడైంది. కొత్తపేటకీ పదమూడే. అక్కడితో ఆగింది. పదిహేను కొట్టి కొత్తపేటే గెలిచింది.

పైడమ్మ బండి దగ్గర మాస్టారు తొడుగు చాపారు. "తినవయ్యా."

సుందరరావు ఒక్క ముక్క కొరికాడు. అంతే, కళ్ళమ్మట నీళ్ళు ధారకట్టాయి. షీల్డు ఎత్తుకుపోతున్న జోజి ఆగాడు. "ఏంట్రా, ఏడుస్తన్నావా?"

"ఏడవడమేంటయ్యా? కారం!" అని మాస్టారు గదమాయించారు. "పైడమ్మా, ఇంత కారం మిరపకాయలు ఎక్కడ పట్టేవమ్మా?"

జోజి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. పైడమ్మ నొచ్చుకుంది. "కారమెక్కడిదండీ మాస్టారూ? ఓడినోళ్ళకని మీరు చెప్పినట్టే ఎప్పట్లా గింజలు తీసేసి, మజ్జిగలో నానేసేను కదండీ?"

"నువ్వూరుకోమ్మా" అన్నారు మాస్టారు గాభరాగా.

సుందరరావు ఆయన వైపు చూశాడు. ఆయన విరిగిన గొడుగు ఊచ వైపు చూస్తున్నారు. శాస్త్రం ఏమిటో అర్థమై, సుందరరావు ఇంకో బజ్జీ తీసుకుని తనివితీరా ఏడ్చాడు.

"వెళ్ళిరా" అన్నారు మాస్టారు. "ఎంత దూరం కొట్టినా, ఇంటికొస్తేనే లెక్క."

మస్కట్‌లో శుక్రవారం సాయంత్రాలు కూలీల క్యాంపుల మధ్య వాలీబాల్ పోటీలు జరిగేవి. ఒకనాడు సుందరరావు క్యాంపు చిత్తుగా గెలిచింది. అతను మాత్రం తువ్వాల్లో వేడివేడి బజ్జీలు మూటకట్టుకుని ఓడిన కుర్రాళ్ళ దగ్గరికి వెళ్ళి కూచున్నాడు. అక్కడి మిరపకాయల్లో బొత్తిగా కారం ఉండదు. అయినా ఒక ముక్క కొరికేసరికి ఆ కుర్రాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అబ్బ, ఇయ్యాళ కారం ఎక్కువైపోయిందండీ!" అన్నాడు సుందరరావు, అందరికీ వినపడేటట్టు.